నిలబడమ్మ వెబ్‌సైటు

నిలబడమ్మ అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. ఆరో తరగతి మొదటి రోజున నేను డిక్టేషన్‌లో "'లేచి నిలబడు' అన్నాడు రాజు" అని చెప్పగానే, అందరూ రాసుకున్నారు. ఆమె లేచి నిలబడింది.

మొన్న మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు వెబ్‌సైట్లు తయారుచేస్తోంది. ఆమె చేసిన పుస్తకాల దుకాణం సైటులో, అభిప్రాయాలు రాసే పెట్టెలో ఎవడో కంప్యూటరుకు ఆజ్ఞ రాశాడట. సైటు దాన్ని మాటగా చూపక ఆజ్ఞగా పాటించి, చదివినవారి తెరలన్నిటినీ తలకిందులు చేసిందట.

"ఉద్యోగం ఊడేలా ఉంది టీచర్!"

"నీ సైటుకు నీ బుద్ధే వచ్చిందే! ఎవరో అన్న మాటను రాసుకోవాలి గానీ పాటించకూడదు."

ఆమె ముఖం వెలిగింది. నిలబడే ల్యాప్‌టాప్ తెరిచి, ఆజ్ఞల గుర్తులను వట్టి అక్షరాలుగా మార్చింది. ఈసారి తెర తలకిందులు కాలేదు.

"టీచర్, ఇక కూర్చోనా?"