బోల్టు దగ్గర ఆగిన నీళ్ళు

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మిషను మూత పైకి లేపుతారు. తెల్లటి ఆవిరి ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఘాటైన సబ్బు, వేడెక్కిన స్టీలు, ఎక్కడో అంటుకుని మిగిలిన పప్పుచారు కలిసిన వాసన అది. ఆ సమయానికి నేనక్కడ ఉంటే తినడం ఆపి కాసేపు ఊరికే కూర్చుంటాను. తలనొప్పా అని పక్కవాళ్ళు అడుగుతారు. కాదంటాను. సైదమ్మ పెద్దమ్మ గురించి ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు.

హాలియా నుంచి ఈ ఉద్యోగానికి చౌటుప్పల్ వచ్చిన కొత్తలో ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఎవరైనా పలకరిస్తే జవాబు కంటే ముందు చెవులు వేడెక్కేవి. రోజంతా అనాలనుకుని అనలేకపోయినవన్నీ సాయంత్రం గదిలో కూర్చుని డైరీలో రాసుకునేదాన్ని. సైదమ్మ పెద్దమ్మ ముందు గదిలో మెస్ నడిపేది. మందుల కంపెనీల్లో పనిచేసే పిల్లలకు క్యారియర్లు కట్టి పంపేది. ఆమె భర్త ఇల్లు కట్టిన మూడో ఏడు హైవే మీద లారీ కింద పడి పోయాడట. నేనెందుకు మాట్లాడనని ఆమె ఎన్నడూ అడగలేదు. నా చేతిలో పుస్తకం కనబడితే మాత్రం వంటింట్లోకి పిలిచి, పీట వేసి, తనకూ జర చదివి వినిపించమనేది. నేను చదువుతుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. కథలో ఎవరైనా తప్పుచేస్తే వాళ్ళను పేరుపెట్టి తిట్టేది. ఆ ఇంట్లో నా గొంతు నాకు వినబడింది అలాగే.

ఆమె చేతులు మాత్రం చూడలేకపోయేదాన్ని. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని వేళ్ళ సందులు పగిలి ఎర్రగా ఉండేవి. రబ్బరు తొడుగులు వేసుకుంటే లోపల చెమటపట్టి ఇంకా మండేవి. ఆరు నెలలు నీళ్ళలో చెయ్యి పెట్టవద్దని, పెడితే చెయ్యే పనికిరాకుండా పోతుందని దవాఖానలో చెప్పారు. వంట మానలేదు, గిన్నెలు తోమడానికి పెట్టుకున్న మనుషులు నెలకంటే ఎక్కువ నిలిచేవాళ్ళు కాదు. అప్పుడే నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు పక్క హోటలొకటి మూతపడి, అందులోని పెద్ద మిషను అమ్మకానికి వచ్చింది. ట్రాలీ ఆటోలో వచ్చిన ఆ ఇనుప పెట్టెను వెనుక వసారాలో దించి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. మొదటి ట్రే కంచాలు రెండు నిమిషాల్లో మెరుస్తూ బయటికొస్తే పెద్దమ్మ తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడి చూసింది. ఆ నిలబడటం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఆ సంతోషం ఒక్క పూటే నిలిచింది. పని అయ్యాక మిషను అడుగున నీళ్ళు ఆపి ఉంచే నిలువు గొట్టం పీకితే మురికినీళ్ళు వాటంతటవే జారి మోరీలోకి పోవాలి. సగం పోయి ఆగిపోయాయి. ఆ నీళ్ళే మళ్ళీ కలిసి మరుసటి పూట కంచాలు జిడ్డుగా, వాసనతో వచ్చాయి. మొదటి రోజు జల్లెడలో అన్నం మెతుకులు, కరివేపాకు, మునక్కాయ పీచు దొరికాయి, అవే అడ్డం అనుకున్నాం. రెండో రోజు పైపులో తీగ పెట్టి పొడిచారు. మూడో రోజు వాషింగ్ మిషన్లు బాగుచేసే అతను వచ్చి, పంపు పోయిందని చెప్పి, గంట వెతికి, దీనికి అసలు పంపే లేదని తేల్చి వెళ్ళిపోయాడు. ఈలోగా పెద్దమ్మ చెంబుతో ఆ నీళ్ళు తోడిపోసేది. ఆ మిషనులో వేసే సబ్బు మామూలు సబ్బు కాదు. ఇనుము మీది మసిని కూడా కొరికేస్తుంది. ఆ నీళ్ళలోనే ఆమె చేతులు.

ఆ మూడో రోజు సాయంత్రమే నేనొకటి గమనించాను. జల్లెడ శుభ్రం చేసినా చేయకపోయినా, నీళ్ళు గబగబా దిగి, లోపలి గోడకున్న ఒక బోల్టు దగ్గర ఆగుతున్నాయి. ప్రతిసారీ అదే బోల్టు. ఏదైనా అడ్డం పడితే నీళ్ళు మెల్లగానైనా దిగుతాయి కదా అనిపించింది. పైపు వెంట ఇంటి చుట్టూ నడిచాను. వెనుక వసారా నుంచి మొదలై గోడ వారగా ఈశాన్యం మూలకు వచ్చేసరికి పైపు కొంచెం మీదికెక్కి మోరీలో పడుతోంది. మిషనులో నీళ్ళు బయటికి దిగే మూతి కంటే మోరి ఎత్తుగా ఉంది. జబ్బు మిషనులో లేదు.

గదిలోకి వెళ్ళి ఆ సంగతంతా డైరీలో రాశాను. బొమ్మ కూడా గీశాను. చెప్పలేదు.

మోరి అటు తిప్పింది పెద్దమ్మ అన్న, రాములు మేస్త్రీ. నేను మామా అనేదాన్ని. పెద్దమ్మ భర్త పోయినప్పుడు, ఇంటి నీళ్ళు నైరుతికి పోతున్నాయి కాబట్టే ఇట్లయిందని ఊరంతా అన్నది. చెల్లెలి కోసం ఆయన ఒక్కడే గునపం పట్టుకుని రెండు రోజులు తవ్వి నీళ్ళ దారి ఈశాన్యానికి మార్చాడు. ఆ మోరి తప్పని కిరాయికున్న పిల్ల ఎట్లా అంటుంది? రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఆరు రోజులైంది. ప్రతి సాయంత్రం బోల్టు దగ్గరే ఆగాయని రాసి పెన్ను మూసేదాన్ని. వెనుక వసారాలో చెంబు చప్పుడు వినబడుతూనే ఉండేది.

తొమ్మిదో రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మెస్ తలుపు వేసి ఉంది. పెద్దమ్మ గడప మీద కూర్చుంది. కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టు. చీము పట్టిందని నల్లగొండ దవాఖానలో కోశారట. చివరి రెండు వేళ్ళు వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. ఆమె పక్కన కూర్చుని, నీళ్ళెందుకు ఆగుతున్నాయో చెప్పేశాను. ఆమె విని నా వైపు తిరిగింది.

"ఎన్ని రోజుల సంది ఎరుక నీకు?"

"ఆరు రోజులైంది పెద్దమ్మా. డైరీల రాసుకున్న."

"రాసుకుంటే నీళ్ళు పోతయా, బిడ్డా?"

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. అప్పటికప్పుడు అన్నను పిలిపించింది. ఆయన రాగానే నా వైపు చూపించి, "గీ పిల్ల నీకొక మాట చెప్తది, విను" అని ఊరుకుంది. తాను చెబుతుందనుకున్నాను. ఒక్క ముక్క సాయం రాలేదు. నా నోట మాట వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. నేను నేల చూస్తూ మోరి ఎత్తుగా ఉందన్నాను.

"నేను ముప్పై ఏండ్ల సంది మోర్లు కడ్తున్న. నువ్వెన్ని కట్టినవ్ బిడ్డా?" అన్నాడు మేస్త్రీ.

మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే సన్న పైపు, నీళ్ళు నింపి రెండు చివరలా ఎత్తిపట్టేది, ఆయన సంచిలోనే ఉంటుందని తెలుసు. అదొక్కసారి పెట్టి చూస్తారా మామా అని అడిగాను. నవ్వుతూనే తీశాడు. ఒక చివర మిషను దగ్గర నేను పట్టుకున్నాను, ఇంకో చివర ఆయన మోరి దగ్గర. ఆయన నవ్వు ఆగింది. వచ్చి, "నాలుగు వేళ్ళు మీదున్నది" అన్నాడు. వేళ్ళతో కొలిచిన ఎత్తు అది.

ఇక మోరి మళ్ళీ నైరుతికి తిప్పడమేనా అని ఆయన చెల్లెలి వైపు చూసిన చూపులో భయం ఉంది. పెద్దమ్మే అంది, మోరి జోలికి పోవద్దు, మిషనునే పైకెత్తమని. మరునాడు ఆయన మోకాలెత్తు గద్దె కట్టి దాని మీద నిలబెట్టాడు. నిలువు గొట్టం పీకగానే నీళ్ళు గడగడా దిగి, బోల్టు దాటి, అడుగు తేలింది. ఆ గద్దె నాకు ముందు తట్టలేదు. నేను చెబితే ఆయన కట్టిందేదో కూలుతుందనే భయపడ్డాను. ఏదీ కూలలేదు.

మెస్ మళ్ళీ నడిచింది. ఆ రెండు వేళ్ళు మాత్రం వంగలేదు. అందరికీ అన్నం కలిపి ముద్దలు పెట్టే మనిషి చెంచాతో తినడం నేర్చుకుంది. ఆమె పోయి ఇప్పటికి ఏడాది దాటింది. ఆమె ఉండగానే, కంపెనీ క్వార్టర్ దొరికి నేను గది ఖాళీ చేసిన రోజు, చెంచా పక్కన పెట్టి, "ఇయ్యాల నువ్వు కలిపి పెట్టు" అంది. మామిడికాయ పప్పు కలిపి పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. తెలిసిన రోజే నేను చెప్పి ఉంటే నీ వేళ్ళు పోయేవి కావు పెద్దమ్మా అన్నాను. నెలల తరబడి రాసుకుని, ఒక్కసారీ పైకి అనని మాట.

ఆమె నమిలి మింగింది.

"ఇప్పుడన్నవ్ గదా. ఇంకో ముద్ద పెట్టు."

ఇప్పుడు నేను ల్యాబులో పనిచేస్తాను. ఏదో ఒక లెక్క తేడాగా కనబడుతుంది. పక్కన పెద్దవాళ్ళుంటారు, ఏళ్ళుగా అదే పని చేస్తున్నవాళ్ళు. నా చెవులు ఇంకా వేడెక్కుతాయి. అయినా ముందు పైకి చెప్పేస్తాను. కొన్నిసార్లు నేను చూసిందే తప్పని తేలి అందరూ నవ్వుతారు. ఆ నవ్వుకు ఎవరి వేళ్ళూ పోవు.