పన్నెండో లైటు

మా బాబాయి రెండేళ్ళుగా ఒక సైకిలు లైటు ఎంపిక చేస్తున్నాడు. కొనడం కాదు, ఎంపిక చేయడం. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు ఒక్క పూట ఆయన పక్కన నిలబడితే చాలు, జన్మకి సరిపడా తెలిసొస్తుంది.

బాబాయికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వెనక గదిలో అద్దాలు అరగదీసే పని నాది. సాయంత్రం ఏడింటికి షట్టరు దించేసి, సైకిలు మీద కొండపైన నీళ్ళ ట్యాంకు దాకా ఎక్కి, అవతలి వైపు రాళ్ళబాట మీదుగా దడదడలాడుతూ దిగడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. పెళ్ళైన కొత్తలోనే మా పిన్నికి కూడా దాన్ని అంటించాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ కలిసే ఎక్కారు, కలిసే దిగారు, కింద కల్వర్టు మీద కూర్చుని కలిసే పోట్లాడుకున్నారు. పోట్లాట ఎప్పుడూ ఒకటే. మొదటిసారి పందెం వేసుకుని దిగిన రోజు కల్వర్టు దగ్గరికి ముందు చేరింది ఎవరన్నది. "అరచక్రం తేడాతో నేనే" అంటాడు బాబాయి. "ఆ అరచక్రం నా సైకిలుదే" అంటుంది పిన్ని. ఇరవయ్యారేళ్ళుగా ఈ కేసు తేలలేదు.

రెండేళ్ళ కిందట ఒకరోజు పిన్ని ఉన్నట్టుండి "నాకు మోకాళ్ళు నొప్పులు, నేనిక రాను" అని తన సైకిలును మెట్ల కింద పెట్టేసింది. సరిగ్గా ఆ నెలలోనే బాబాయికి లైట్ల పిచ్చి పట్టుకుంది. సరైన లైటు దొరికేదాకా కొండెక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. నేను నా లైటును అయిదు నిమిషాల్లో కొనుక్కున్నాను. దానికి ఆయన నాకు గంటసేపు క్లాసు పీకాడు.

లైటును పరీక్షించాలంటే చీకటి కావాలి కదా. పట్టపగలు చీకటి ఎక్కడ దొరుకుతుందా అని బాబాయి ఇల్లంతా గాలించాడు. మంచం కింద దూరాడు. బాత్రూం కిటికీకి దుప్పటి కట్టాడు. చివరికి చీరల బీరువాలో దూరి తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు తన కళ్ళజోడు ఏమైందో కనుక్కుందామని ఇంటికొచ్చి, హాల్లో బీరువా ఎదురుగా కూర్చున్నారు. బీరువా తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. భుజాన పట్టుచీర, నుదుటిన లైటు వెలుగుతూ బాబాయి బయటికొచ్చి, "మాస్టారూ, మీ జోడు రేపిస్తాను" అని మళ్ళీ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. మాస్టారికి నేను రెండు గ్లాసుల మంచినీళ్ళిచ్చాను. ఆయన మళ్ళీ మా ఇంటి ఛాయలకు రాలేదు.

ఇంట్లో నెగ్గిన ప్రతి లైటూ కొండ దగ్గర ఓడిపోయేది. మర్నాడు పొద్దున్నే బాబాయి దాన్ని పట్టుకుని సైకిళ్ళ షాపు మెట్లెక్కేవాడు. షాపాయనా బాబాయీ చిన్నప్పుడు ఒకే బెంచీలో చదువుకున్నారు. ఆ పాపానికి ఆయన రెండేళ్ళుగా శిక్ష అనుభవిస్తున్నాడు.

"దీనికేం రోగంరా?"

"నడిమధ్యలో వెలుగు, చుట్టూ చీకటి. మలుపు తిరిగేటప్పుడు ఇది చెట్టును చూపిస్తుంది. నేను గోతిని ఎప్పుడు చూడాలి?"

"పడ్డాక చూడు. పోనీ, నెత్తిన పెట్టుకునేది ఇచ్చాను కదా?"

"అది కంటి పక్కనే ఉంటుంది. నీడలు కనబడనివ్వదు. గుంతకు నీడ కనబడితేనే కదరా గుంతని తెలిసేది! బాటంతా చాప పరిచినట్టుంది. హ్యాండిల్ మీద పెట్టేదే కావాలి."

"మరి హ్యాండిల్ మీద పెట్టేది మొన్న ఇస్తే?"

"అది చెప్పా పెట్టకుండా ఆరిపోతోంది. ఆరిపోయే ముందు ఒక మాట చెప్పొద్దూ?"

"ఏం చెప్పాలి? వెళ్ళొస్తానండీ అనాలా?"

"అంటే మంచిదే. అలాంటిది ఉందా?"

షాపాయన తల ప్రాణం తోకకొచ్చేది.

ఇక కొండ దగ్గర జరిగే పరీక్ష మరో భాగోతం. కొండ మొదట్లో ఒక పంపు గది ఉంది. దాని తలుపుకు బాబాయి దుకాణంలోని కంటి పరీక్ష చార్టును తగిలించేవాడు. పైవరుసలో చేటంత అక్షరం, కిందికి పోయేకొద్దీ చీమంత అక్షరాలు. అక్కడి నుంచి నలభై అడుగులు కొలిచి, అక్కడ సైకిలు నిలబెట్టి, లైటు వేసి, పిన్ని చేత చదివించేవాడు. సైకిలు కూడా పిన్నిదే. "నా హ్యాండిల్ వంకర" అనేవాడు.

"బాబాయ్, నేను చదువుతాను కదా, పాపం పిన్నిని ఎందుకు లాక్కొస్తావు?" అని నేను అడిగితే, "నీవి కుర్రకళ్ళు, వాటికి అగ్గిపుల్ల గీసినా చాలు" అని కొట్టిపారేసేవాడు.

మొదటి లైటుకే పిన్ని చార్టంతా గడగడా అప్పజెప్పేసింది. "బ్రహ్మాండంగా కనబడుతోందండీ. కొనెయ్యండి, ఇంటికి పోదాం."

"ఇంకా లైటు వెయ్యలేదే!" అన్నాడు బాబాయి.

పిన్ని కొంగు సర్దుకుంది. "అయినా కనబడింది. మీ చార్టు అంత బాగుంది."

కళ్ళజోళ్ళాయన భార్యకు కంటి చార్టు నోటికి రాక మరేం వస్తుంది? ఆ రోజు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. బాబాయి మాత్రం నవ్వలేదు. మర్నాటి నుంచి చార్టులు స్వయంగా రాయడం మొదలుపెట్టాడు. వాటిని భోజనాల బల్ల మీద ఆరబెడితే, కూర వడ్డిస్తూ పిన్ని బట్టీ పట్టేసేది. చెప్పుల స్టాండులో దాస్తే, చెప్పులు సర్దే వంకతో బట్టీ పట్టేసేది. ఆఖరికి బాబాయి చార్టును చొక్కా లోపల వీపుకు చుట్టుకుని కొండకు తెచ్చేవాడు. ఆ చార్టు దగ్గర మాత్రం పిన్ని మూడో వరుసకే ఆగిపోయేది. "మోకాళ్ళు లాగుతున్నాయండీ" అనేది. చదవడానికి మోకాళ్ళతో ఏం పనో నాకు అర్థమయ్యేది కాదు. బాబాయి లైటు విప్పేసేవాడు.

పదకొండో లైటును వెనక్కిచ్చిన రోజు షాపాయన రెండు చేతులూ జోడించాడు. "ఒరేయ్, ఇది పన్నెండోది. పక్కలకి వెలుగునిస్తుంది, నీడల్ని చూపిస్తుంది, ఆరేముందు ఎర్రగా కన్నుగీటి మరీ చెబుతుంది. ఇంతకు మించిన లైటు నా దగ్గర లేదు, ఇక తెప్పించను. దీన్ని కూడా వెనక్కి తెచ్చావో, నా గుమ్మం తొక్కకు!"

బాబాయి మొహం చిన్నబోయింది. లైటును రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చి, "అమ్మాయ్, ఇందులో పెట్టడానికి బ్యాటరీలు వెతుకు" అన్నాడు. నేను చేతికందిన సొరుగు లాగాను. అది పిన్నిది. బ్యాటరీలకు బదులు కంటి డాక్టరు రాసిన కాయితం ఒకటి దొరికింది. రెండేళ్ళ కిందటిది. వెలుగు తగ్గితే చూపు ఆనదనీ, ఇది ఇంతకంటే ముదరదనీ, అద్దాలతో పోయేది కాదనీ, మంచి వెలుగు ఉంటే ఇబ్బంది లేదనీ రాసి ఉంది. నేను తలెత్తేసరికి గుమ్మంలో బాబాయి నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసా బాబాయ్?"

"మెల్లిగా మాట్లాడు. నేనూ బ్యాటరీల కోసమే వెతికాను, రెండేళ్ళ కిందట." ఆయన కాయితాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. "కళ్ళజోళ్ళాయన పెళ్ళానికి చీకట్లో కనబడదట అని నలుగురూ నవ్వుతారని దాని భయం. నేను బాధపడతానని కూడా. ఊరందరికీ చూపు అమ్ముతాను, మా ఇంట్లో మనిషికి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క అద్దమూ లేదు. అందుకని..."

"అందుకని బీరువాలో దూరావా?"

"నాకు పిచ్చి అనుకుంటే దానికి అనుమానం రాదుగా" అన్నాడు.

నాకు ఆయన్ని వాటేసుకోవాలనిపించింది. కానీ ఆయన అప్పటికే చొక్కా విప్పి వీపుకు కొత్త చార్టు చుట్టుకుంటున్నాడు, కుదరలేదు.

ఆ సాయంత్రం పంపు గది దగ్గర మా సైకిళ్ళు పక్కన పెట్టి, పిన్ని సైకిలుకు పన్నెండో లైటు బిగించాం. వెలుగు చక్కగా పరుచుకుంది. పిన్ని సైకిలు పట్టుకుని నిలబడింది. మొదటి వరుస చదివింది. రెండోదీ చదివింది. మూడో వరుసకు వచ్చింది. చదివేసింది. నాలుగు, అయిదు కూడా. మోకాళ్ళ ఊసే లేదు. బాబాయి పెదవులు ఆమెతో పాటే కదులుతున్నాయి.

"ఆఖరి వరుస" అన్నాడు బాబాయి.

పిన్ని ముందుకు వంగింది. చాలాసేపు చూసింది. తరవాత వెనక్కి నిటారుగా నిలబడింది.

"ఇది సరిగ్గా ఆనడం లేదండీ. మీరు చదవండి."

బాబాయి తాను రాసిన ఆ వరుస వైపు తిరిగాడు. "ఆ రోజు కల్వర్టు దగ్గరికి ముందు చేరింది నువ్వే" అని గొణిగాడు.

"వినబడలేదు."

"ముందు చేరింది నువ్వే!"

"ఎవరూ?"

"నువ్వే! నువ్వే! అరచక్రం తేడాతో నువ్వే!" బాబాయి అరిచిన అరుపుకు ఎక్కడో రెండు కుక్కలు అందుకున్నాయి. ఇరవయ్యారేళ్ళ కేసు పంపు గది ముందు కొట్టేశారు. బాబాయి ఉసూరుమంటూ లైటు మీద చెయ్యి వేశాడు. "సరే, ఆఖరి వరుస ఆనలేదుగా. దీన్ని కూడా వెనక్కి ఇచ్చేస్తాను."

"ముట్టుకున్నారంటే ఊరుకోను!" అంది పిన్ని. "రాయి కనబడుతోంది, రాయి నీడ కనబడుతోంది, చొక్కా గుండీలు మీరు తప్పుగా పెట్టుకోవడం కూడా కనబడుతోంది. నా సొరుగులో కాయితాన్ని తిరగేసి పెట్టింది ఎవరో కూడా పొద్దుటే కనబడింది." మా ఇద్దరినీ చెరో చూపు చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయింది.

పిన్ని మోకాళ్ళకు ఏ జబ్బూ లేదని ఆ కొండెక్కుతుంటే నాకు బాగా అర్థమైంది. నాకే అందలేదు. దిగేటప్పుడు ముందు ఆమె వెలుగు మలుపులు తిరుగుతూ పోతోంది. వెనక నేను. నా వెనక బాబాయి, "కాస్త పక్కకి వెలుగు కొట్టవే, ఏమీ కనబడి చావడం లేదు" అని మొత్తుకుంటూ వస్తున్నాడు. మేం చేరేసరికి పిన్ని కల్వర్టు మీద కాళ్ళూపుతూ కూర్చుని ఉంది.

"ఈసారి ఎన్ని చక్రాల తేడా అండీ?" అంది.

బాబాయి ఆయాసపడుతూ ఆమె పక్కన కూలబడ్డాడు. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు.

"ఇంతకీ మీ సైకిలుకు లైటేదీ?" అని అడిగింది పిన్ని.

బాబాయి తన హ్యాండిల్ వైపు చూసుకున్నాడు. రెండేళ్ళలో ఆ సంగతి ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మర్నాడు పొద్దున్న షాపాయన వీధిలో బాబాయిని చూసి, ఆయన చేతులు ఖాళీగా ఉండటం చూసి, పట్టరాని సంతోషంతో ఎదురెళ్ళి, షాపు మెట్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "మొత్తానికి కుదిరిందన్న మాట! నీ పుణ్యమా అని నాకిక నిద్ర పడుతుందిరా!"

"అద్భుతంగా కుదిరింది" అన్నాడు బాబాయి టీ ఊదుకుంటూ. "అది మీ చెల్లెమ్మది. ఇప్పుడు నాకో లైటు ఎంపిక చేసుకోవాలి. ఓ నాలుగు తియ్యి, చూద్దాం."

షాపాయన లేచి వెళ్ళి షట్టరు దించేశాడు. ఆ కంగారులో తాను లోపలే ఉండిపోయాడు. లోపలంతా కటిక చీకటి. "కదలకురా, పరీక్షకు చాలా అనువుగా ఉంది!" అంటూ బాబాయి షట్టరును మూరెడు పైకెత్తి కింద నుంచి దూరాడు.