శ్మశానం అర్జీ

ఏలూరు కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు కంప్యూటర్లో ఎక్కించే పని నాది. కొల్లేటి లంక నుంచి ఒక పెద్దాయన నెలనెలా వచ్చేవారు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కాగితం రెండు చేతులతో అందించేవారు. వానాకాలం వాళ్ల శ్మశానం నీట మునిగిపోతోంది, మట్టి తోలి మెరక చేయించాలి. ఎప్పుడూ అదే అర్జీ.

ఆయన పాత అర్జీలన్నీ కంప్యూటర్లో పరిష్కారమైనట్టు మూసేసి ఉండేవి. ప్రతిదాని కిందా ‘అర్జీదారు తృప్తి చెందారు’ అని.

“పని జరక్కుండానే అలా ఎందుకు చెప్పారండీ?” అని ఒకసారి అడిగాను.

ఆయన నొచ్చుకున్నారు. “ఆఫీసు నుంచి ఫోన్ చేసినమ్మాయి, అంతా బాగుందా అండీ అని ఎంతో మర్యాదగా అడిగిందండీ. బాగానే ఉందమ్మా అన్నాను. ఆ పిల్లతో లేదని ఎలా అంటామండీ?”

ఈసారి లేదనే చెప్పమని గట్టిగా చెప్పాను. తలూపి వెళ్లారు.

మొన్న వానల్లో ఆయన పోయారు. ఊళ్లో పొడినేల లేక, పడవలో పక్కూరు తీసుకెళ్లి పాతిపెట్టారట. ఈ సోమవారం అదే అర్జీతో కోడలు వచ్చింది. ఆమె కూడా చెప్పులు బయటే విడిచింది.

“ఫోన్ వస్తే మాత్రం బాగుందని చెప్పకమ్మా,” అన్నాను.

ఆమె తల దించుకుంది. “మావయ్యగారిని పాతిపెట్టొచ్చిన మర్నాడే వచ్చిందండీ. బాగానే ఉందని చెప్పేశానండీ.”