ఆదివారం ఆఖరి బస్సు

బస్టాండులో మూడో నంబరు ప్లాట్‌ఫారానికి ఎదురుగా ఒక చిన్న గది ఉంది. దాని అద్దానికి అరచేయి పట్టేంత గుండ్రటి కన్నం. ఆ కన్నం వెనక పదిహేడేళ్లుగా ఒకే మనిషి కూర్చుంటోంది. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది గానీ, ఎవరినడిగినా ఎంక్వైరీ అక్క అనే చెబుతారు. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ దిగాలి, ఎక్కడ మారాలి, ఏదడిగినా కాగితం వంక చూడకుండా చెప్పేస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుందని కండక్టర్లు పందేలు వేసుకునేవారు.

ఆమె చెప్పేవాటిలో జనానికి బాగా ఇష్టమైనవి సముద్రాలు. ఊరికి దగ్గర్లో పెద్ద బీచ్ ఒకటుంది గానీ, అక్కడ కాసేపు కూర్చుందామన్నా జేబు తడుముకోవాలి. అందుకని జీతం రాళ్ల మీద బతికేవాళ్లు పిల్లాజెల్లానీ వెంటేసుకుని కన్నం దగ్గరికొచ్చి, "అక్కా, పెద్ద ఖర్చు లేకుండా సముద్రం చూసి రావాలంటే ఎలా?" అని మొహమాటపడుతూ అడుగుతారు.

"అదెంత భాగ్యం! ఆర్డినరీ బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగండి. అక్కడ సముద్రం ఉంటుంది, మీరుంటారు. అడ్డొచ్చేవాడెవడూ ఉండడు," అంటుంది అక్క.

అలాంటి ఆఖరి స్టాపు సముద్రాలు ఆ డిపో కింద పదకొండున్నాయి. రాళ్ల సముద్రం, పాత లైట్‌హౌస్ సముద్రం, ఉప్పుమళ్ల సముద్రం, ఇలా వాటికి పేర్లు పెట్టింది కూడా అక్కే. ఇంతా చేస్తే, మూడేళ్ల కిందటి దాకా ఆ పదకొండింట్లో ఆవిడ ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. గోడ మీది టైముల బోర్డు చూసి, డ్యూటీ దిగిన కండక్టర్లు చెప్పింది విని, కళ్లారా చూసొచ్చినట్టు చెప్పేది. చెప్పేవాడికి వినేవాడు లోకువని పెద్దలు ఊరికే అన్నారా? వినేవాళ్లు కళ్లింతింత చేసుకుని వింటుంటే ఆవిడకూ హుషారొచ్చేది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, ఒక దర్జీ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి సముద్రం చూడలేదట. ఆవిడ గుండెకు మందులు వాడుతోందట, ఎక్కువ నడవకూడదట. అడగకపోయినా అన్నీ ఆయనే కన్నంలోంచి చెప్పుకొచ్చాడు. ఆవిడేమో వెనక నిలబడి, "ఆవిడకి మన రామాయణమంతా ఎందుకండీ," అని సిగ్గుపడుతోంది. అక్కకు ముచ్చటేసింది. బాగా ఆలోచించి, ఇసుక అంచు దాకా బస్సు వెళ్లే ఉప్పుమళ్ల సముద్రానికి వెళ్లమంది.

"తిరిగొచ్చే ఆఖరి బస్సు ఆరున్నరకి మాస్టారూ. పొద్దు వాలేదాకా ఉండి నిదానంగా రండి."

ఆదివారాలు ఆ ఆరున్నర బస్సును తీసేశారు. ఆ సంగతి చెప్పే సర్క్యులర్ పది రోజుల ముందే వచ్చింది. అక్క దాని కింద సంతకం పెట్టింది. చదవలేదు. వారానికి పది కాగితాలొస్తాయి, అన్నిటికీ సంతకాలే తప్ప చదివేదెవరు? ఆ ఆఫీసులో అందరూ చేసే పనే అది. అందరి పనీ గట్టెక్కింది, ఆవిడది గట్టెక్కలేదు.

దర్జీ, ఆయన భార్య నాలుగున్నర బస్సును వదిలేసి, ఆరున్నర బస్సు కోసం ఏడు దాటేదాకా చూశారు. చుట్టూ ఉప్పుమళ్లు తప్ప ఇల్లన్నది లేదు. ఇక లాభం లేదని, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మెయిన్ రోడ్డుకు నడక మొదలుపెట్టారు. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర ఆవిడ కూర్చుంది. మళ్లీ లేవలేదు.

సోమవారం పొద్దున మొదటి బస్సు కండక్టరు ఈ కబురు మోసుకొచ్చాడు. అక్క పరుగున ఫైళ్ల బీరువా దగ్గరికి వెళ్లింది. ఫైలు తీసి చూస్తే సర్క్యులరూ ఉంది, కింద తన సంతకమూ ఉంది. ఎవరూ రాకముందే గోడ మీది బోర్డులో ఆదివారం ఆరున్నరను తడిగుడ్డతో తుడిచేసింది. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, దర్జీ కొట్టు ఏ వీధిలో ఉందో కూడా రాశారు. వారం తిరిగేసరికి ఆయనే బస్టాండుకు వచ్చాడు. అద్దంలోంచి ఆయన్ని చూడగానే అక్క చటుక్కున లేచి వెనక పాత ఫైళ్ల గదిలో దూరింది. ఆమె బదులు కూర్చున్న తోటి గుమాస్తా, "ఆదివారం నాలుగున్నరే ఆఖరిదండీ. బోర్డు మీద రాసే ఉందిగా!" అనడం వినిపించింది. బయటికొచ్చేసరికి కన్నం దగ్గర ఎవరూ లేరు.

అప్పట్నుంచీ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. ఉద్యోగం ఊడితే తనూ అమ్మా రోడ్డున పడతామని తనకు తాను చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అసలు భయం అది కాదు. నిజం చెబితే ఆయన మొహం చూడాలి. ఆ ధైర్యం లేకపోయింది.

ఊరుకుంది గానీ ఉండలేకపోయింది. వారానికి ఒక్క సెలవు. ఆ రోజు పొద్దున్నే నీళ్ల సీసా, నోటుపుస్తకం సంచీలో వేసుకుని ఆర్డినరీ బస్సెక్కేది. ఒక్కో సముద్రానికీ నాలుగైదుసార్లు. మామూలు రోజు ఒకసారి, ఆదివారం సెలవు మార్చుకుని ఒకసారి, వానాకాలం ఒకసారి. మొదటి బస్సు నిజంగా ఎన్నింటికి వస్తోంది, జనం లేరని డ్రైవరు మూడు స్టాపుల ముందే వెనక్కి తిప్పేస్తున్నాడా, దిగాక ఎంత నడవాలి, నీడ ఉందా, మంచినీళ్ల పంపు ఉందా, ఎక్కడెక్కితే సీటు దొరుకుతుంది, అన్నీ రాసుకునేది. లైట్‌హౌస్ దగ్గర ఆఖరి బస్సు పది నిమిషాలు ముందే బయల్దేరుతోందని ఆ డ్రైవరుతో జగడమాడి, డిపో దాకా లాగి, టైముకి కదిలేలా చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అయితే ఆ పట్టుకోవడం మాత్రం గట్టిగానే పట్టుకుంది. విచిత్రం ఏమిటంటే, అన్ని సముద్రాలకు వెళ్లిన మనిషి సముద్రం చూసేది కాదు. దానికి వీపు పెట్టి కూర్చుని బస్సు వచ్చే దారి వంకే చూసేది.

"ఏమే, కూరగాయలకి వీధి చివరి దాకా వెళ్లమంటే కాళ్లు పీకుతాయంటావు. ఆ సముద్రాల్లో ఏం పారేసుకున్నావే, వారం వారం వెతుక్కోవడానికి?" అని తల్లి దెప్పేది.

"ఆఫీసు పనమ్మా."

"జీతం లేని ఆఫీసు పని! నోట్లో నువ్వుగింజ నాననిదానివి, ఈ మధ్య నీ కడుపులో మాట బయటికి రావట్లేదు. నాకు తెలీదనుకోకు."

అలా పది సముద్రాలయ్యాయి. వాటి వివరాలన్నీ పెద్ద చార్టు మీద రాసి అద్దం పక్కన అంటించింది. జనం ఎగబడి రాసుకుపోయారు. సముద్రం మొహం చూడని ముసలమ్మలు, ఆస్పత్రుల్లో ఆయాలు, ఇటుక పనివాళ్లు చార్టు పట్టుకుని పోయి, చెప్పిన టైముకి చెప్పినట్టు తిరిగొచ్చి, "నీ కడుపు చల్లగుండా," అని దీవించి వెళ్లేవారు. ఆ దీవెన విన్న ప్రతిసారీ ఆవిడకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. అంతలో ఎవరో పేపరువాళ్లు వచ్చి చార్టుకూ ఆమెకూ ఫోటో తీసి వేశారు. డిపో మేనేజరు పిలిపించి కూర్చోమన్నాడు. ఆయన ఎవరినైనా కూర్చోమనడం అదే మొదలు.

"పై నెల నీకు సన్మానం పెట్టిస్తున్నామమ్మా. చార్టుని చిన్న పుస్తకంగా వేస్తారట. కానీ పదే ఉన్నాయి. ఆ ఉప్పుమళ్లది వదిలేశావేం?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అక్క ఉలిక్కిపడింది. ఆయనకేమీ తెలియదు, మామూలుగానే అడిగాడు. "వెళ్తాను సార్," అని బయటికొచ్చింది. ఆ చనిపోయిన ఇల్లాలి పేరు చెప్పుకుని దండ వేయించుకోబోతున్నానా అనుకుంది. అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పన్నెండు గంటల బస్సులో వెళ్లింది. ఉప్పుమళ్ల మధ్య మట్టిరోడ్డు, రెండు పక్కలా తెల్లటి ఉప్పు కుప్పలు. నాలుగో కిలోమీటరు రాయి వస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుంది. ఆఖరి స్టాపులో దిగేసరికి ఇసుకలో అక్కడొక కుటుంబం, ఇక్కడొక కుటుంబం, మొత్తం పాతికమంది ఉంటారు. వాళ్ల మధ్య ఒక బక్కపలచటి మనిషి తిరుగుతున్నాడు. ఒక్కొక్కరి దగ్గరా వంగి ఏదో చెబుతున్నాడు.

"నాలుగున్నరే అని తెలుసు పెద్దాయనా! ఇది మూడోసారి చెప్పడం. మమ్మల్ని తిననిస్తావా?" అని ఒకతను విసుక్కున్నాడు.

"ఏమనుకోకు బాబూ. తర్వాత బస్సు లేదు, అందుకని," అని ఆయన పక్కవాళ్ల దగ్గరికి కదిలాడు.

అక్క గుర్తుపట్టింది. సగమైపోయాడు గానీ ఆ దర్జీయే. వెనక్కి తిరిగి పోదామంటే తనను దింపిన బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఆయన నడుచుకుంటూ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఒక్కదానివే వచ్చావా అమ్మా? తిరుగు బస్సు నాలుగున్నరకి. అదే ఆఖరిది."

"తెలుసు మాస్టారూ."

"మాస్టారంటున్నావు. నీకేమన్నా బట్టలు కుట్టానా? ఏమనుకోకు, నాకిప్పుడు ఏదీ గుర్తుండి చావట్లేదు." ఆయన ఇసుకలో చతికిలబడ్డాడు. "ముప్ఫై ఏళ్లు ఎవరి కొలతలూ రాసుకోలేదమ్మా. ఎవరి భుజం ఎంత, ఎవరి చేయి ఎంత, అన్నీ బుర్రలోనే. అలాంటివాణ్ణి ఒక్క బస్సు టైము గుర్తుపెట్టుకోలేకపోయాను. కౌంటర్లో నాలుగున్నరంటే ఆరున్నర అనుకున్నాను. నాలుగున్నర బస్సొచ్చి హారను కొట్టింది. వెళ్దామండీ అంది మా ఆవిడ. నేనే ఆపాను. ఇంకోటి ఉందిలేవే, కాసేపు కూర్చో అన్నాను."

అక్క సంచీలోని నోటుపుస్తకాన్ని ఇంకా అడుక్కి తోసేసింది.

"ఆ తర్వాత కత్తెర పట్టుకోలేదు. బుర్ర పాడైనవాడు ఒకరి గుడ్డ కత్తిరించకూడదు కదా. మా అమ్మాయి కొట్టు మీద అంతస్తులోనే ఉంటుంది. కింద కొట్లో నేను. అన్నం పంపిస్తుంది, మాట్లాడదు. మూడేళ్లయింది. నీ నిర్లక్ష్యంతో అమ్మని చంపావంది, అంతే, అదే ఆఖరి మాట. దాన్నేమనడానికి లేదు. నిజమే కదా."

ఇన్నాళ్లూ ఆయన తనను తిట్టిపోస్తూ ఉంటాడనుకుంది అక్క. డిపోను శపిస్తూ ఉంటాడనుకుంది. ఆయన తన్ను తానే తిట్టుకుంటున్నాడని, కత్తెర వదిలేశాడని, కన్నకూతురికి కానివాడయ్యాడని కలలో కూడా అనుకోలేదు. తాను తుడిచేసిన ఆరున్నర ఈయన నెత్తిన పడింది.

"మాస్టారూ, మీరు పొరబడలేదు," అంది. "ఆరున్నరని నేనే చెప్పాను. ఆ కౌంటర్లో ఉన్నది నేనే. బస్సు తీసేశారని కాగితం వచ్చినా చదవలేదు. మర్నాడు బోర్డు మీద తుడిచేశాను. మీరు వచ్చినప్పుడు దాక్కున్నాను."

ఆయన ఆమె వైపు జరిగాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

చెప్పింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట," అని ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి తలెత్తాడు. అప్పుడు ఆ మొహంలో కోపం కనిపించింది. "తప్పు ఎవరైనా చేస్తారు. నేనూ కొలత తప్పి ఎన్నో గుడ్డలు పాడుచేశాను. కానీ మూడేళ్లమ్మా! మూడేళ్లు నన్నిలా వదిలేశావు. నీకు మనసెలా ఒప్పింది?"

"తప్పే మాస్టారూ. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"నన్ను కాదు. వచ్చి ఈ మాట మా అమ్మాయికి చెప్పు."

నాలుగున్నర బస్సు రాగానే, అంత దుఃఖంలోనూ ఆయన ఇసుకంతా తిరిగి ఒక్కొక్కరినీ లేపి ఎక్కించాడు. తానూ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. అక్క వెనక సీటులో కూర్చుంది. చదవకుండా సంతకం పెట్టిన సంగతి రేపు మేనేజరుకి రాసివ్వాలని ఆమె నిశ్చయించుకుంది. అది తేలిగ్గానే అనిపించింది. ఇప్పుడు ఎక్కవలసిన గుమ్మమే కష్టమనిపించింది.

కొట్లో కుట్టుమిషను మీద దుమ్ముపట్టిన గుడ్డ కప్పి ఉంది. తండ్రి ఎవరినో వెంటబెట్టుకొచ్చాడని చూసి కూతురు మెట్లు దిగి వచ్చి, ఆఖరి మెట్టు మీద నిలబడింది. ముప్ఫై ఏళ్లుంటాయి, తల్లి పోలికే. దర్జీ బల్ల మీద కూర్చుని నేల చూస్తున్నాడు. అక్క నిలబడే అంతా చెప్పింది. కూతురు మధ్యలో అడ్డు రాలేదు.

"ఆ సముద్రాల చార్టు రాసింది మీరేనా? పేపర్లో చూశాను," అంది చివరికి.

"నేనేనమ్మా."

"అంతంత దూరాలు, ఎండనకా వాననకా వెళ్లొచ్చారని రాశారు."

"అవును."

"బస్టాండు నుంచి మా కొట్టుకి ఎన్ని స్టాపులండీ?"

పదిహేడేళ్లలో ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషి. జవాబు నాలుక మీదే ఉంది, పైకి రావడమే కష్టమైంది.

"రెండు," అంది.

కూతురు ఆమె వంక నుంచి మొహం తిప్పుకుంది. తండ్రి దగ్గరికి వెళ్లి ముందు నిలబడింది. "నాన్నా," అంది. "పైకి రా."

ఆయన లేవబోయాడు. కూతురు చంక కింద చేయి వేసి లేపి, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి తీసుకెళ్లింది. ఎంక్వైరీ అక్క కొట్టు ముందు వీధిలో నిలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.