చెరువుగట్టున పొగగొట్టం

నేను గీసిన బిల్డింగును చూసి జనం చెప్పులు విడిచి దండం పెట్టినారంటే మీరు నమ్మరు. పెట్టినారు. మొదట నేను కూడా సంతోషపడినాను. ఏం జరిగిందో చెప్తాను, టీ తాగతా వినండి.

పాండూరు అవతల ఒక ఊరు. పేరు వద్దులే, ఆ పక్క ఇంకా పని ఉండాది నాకు. పెద్ద చెరువు, గట్టు కింద ఇండ్లు, ఊర్లో సగం మందికి ఇటికల బట్టీల్లో పని. ఆ ఊరి ప్రెసిడెంటమ్మ నన్ను పిలిపించి, "సార్, చెరువు పక్కన స్థలం ఉండాది. పిల్లోళ్ళు చదువుకునేదానికి లైబ్రరీ కావాల. చూస్తానే మన ఊరిది అనిపించాల" అనింది.

ఆ చివరి మాట నా తలకెక్కింది. మణవాళనగర్లో నా ఆఫీసు అంటే మేడ మీద ఒక రూము. ఇన్నేండ్లుగా కాంపౌండు గోడలు, కార్ షెడ్లు గీస్తా ఉండాను. ఏది గీసినా ఇంటాయన బావమరిది వచ్చి మార్చేస్తాడు. ఇప్పుడు దొరికింది ఛాన్సు అనుకున్నాను. ఊరు చేసే పనే డిజైన్ కావాల. ఎర్ర ఇటికలు, బట్టీకి ఉన్నట్టే వంపు తిరిగిన చిన్న వాకిళ్ళు, నడిమధ్యలో ఎత్తుగా పొగగొట్టం. పొగ కోసం కాదు, లోపలి వేడిగాలి పైకి పోయేదానికి. ముందర చెరువులోకి మెట్లు. అట్టతో మోడల్ చేసి మా ఆవిడకు చూపించినాను. చానాసేపు చూసి, "మంచి ప్రశాంతంగా ఉండాది" అనింది.

పొద్దున్నే మోడల్ ఎత్తుకోని చెరువుగట్టుకు పోయినాను. ప్రెసిడెంటమ్మ ఇంకా రాలేదు. స్టూలు మీద మోడల్ పెట్టి నిలబడితే, ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరినారు. మునెమ్మ అని ఒక అవ్వ, గట్టు కింద మొదటి ఇల్లు ఆమెదే, అందరికంటే ముందుకొచ్చింది.

"ఇదేనా సామీ మాకు కట్టేది?"

"ఇదే అవ్వా. చూస్తే ఏం తోస్తా ఉండాది?"

ఆమె చెప్పులు విడిచి దండం పెట్టింది. "చూస్తానే తెలస్తా ఉండాది లే." వెనక ఇంకా కొంతమంది పెట్టినారు. బట్టీ అంటే వాళ్ళకు అన్నం పెట్టే తల్లి కదా, గుర్తుపట్టినారు అనుకున్నాను. నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

పక్కన లుంగీ కట్టుకోని నిలబడిన ఆయన అడిగినాడు, "ఒకేసారి ఎంతమందికి సార్?"

"నలభై మంది దాకా పడతారు."

ఆయన చెరువు దిక్కు చూసినాడు. "మా ఊర్లో అంతమంది యాడ వస్తారు?"

"పక్క ఊర్ల నుంచీ వస్తారన్నా. అలవాటు కావాల, అంతే. ఒకసారి వచ్చినోళ్ళకు మళ్ళా ఇంటికి పోబుద్ధి కాదు."

"పిల్లోళ్ళకు?" అనింది ఒకామె చిన్నగా.

"వాళ్ళకు వేరే రూమమ్మా. గోడల మీద బొమ్మలు కూడా వేయిస్తా ఉండాము."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని కూర్చుండిపోయింది. మునెమ్మ మాత్రం ధైర్యంగానే ఉండాది. "నాకు మోకాళ్ళ నొప్పి నాయనా. నాలాంటోళ్ళకు ఎట్ల?"

"నువ్వు నడిచే పనే లేదవ్వా. చక్రాల కుర్చీలో పెట్టి తోస్తే నేరుగా లోపలికే. వానలు పడేలోపల అయిపోతుంది. తొందరగా ఉండాదా నీకు?"

"నాకేం తొందర లేదు నాయనా," అనింది.

ప్రెసిడెంటమ్మ స్కూటీ దిగేసరికి ఊరంతా రోడ్డు మీద కూర్చొని ఉండాది. బస్సు ఆగిపోయింది. "ఇండ్ల పక్కన శవాలు కాల్చే కరెంటు సుడుగాడు కడితే మేము యాడికి పోవాల?" అని అరస్తా ఉండారు. సుడుగాడా, ఎవరు కడతా ఉండారని నేను కూడా వాళ్ళతో కలిసి అడిగినాను. అందరూ నా మోడల్ దిక్కు చేయి చూపించినారు.

"అమ్మా, ఇది లైబ్రరీ," అంటి.

లుంగీ ఆయన దగ్గరికొచ్చి మళ్ళా ఒకసారి చూసినాడు. "అయితే ఆ గొట్టంలో ఏం పోతుంది సార్?"

"గాలి."

ఆ మాటతో ఉన్న కొద్ది నమ్మకం కూడా పోయింది. ప్రెసిడెంటమ్మ వాళ్ళకు సర్దిచెప్పి, బస్సును పంపించి, నన్ను పక్కకు పిలిచింది. "సార్, చదువుకున్నదాన్ని, నాకే ఒక్క నిమిషం చనిపోయిన మా నాయన గుర్తుకొచ్చినాడు. ఆ గొట్టం తీసేయండి."

తీసేసినాను. వాకిళ్ళ వంపులు కూడా తీసేసినాను, ఇటికల మీద తెల్ల సున్నం వేయించినాను. లైబ్రరీ ఇప్పుడు రేషన్ షాపు మాదిరి ఉండాది. పిల్లోళ్ళు చక్కగా చదువుకుంటా ఉండారు.

నా పాత మోడల్ పంచాయతీ ఆఫీసులోనే బీరువా మీద ఉండిపోయింది. కొన్నాళ్ళకు ప్రెసిడెంటమ్మ ఫోన్ చేసింది. "సార్, చెరువు అవతల ఊరి ప్రెసిడెంటు వచ్చినాడు. మీ మోడల్ చూసి వదలడం లేదు. ఒక్క గీత మార్చకుండా అట్లే కావాలంట."

"లైబ్రరీకా?" అని అడిగినాను, ఆశ చావక.

"కాదు సార్."

ఒప్పుకున్నాను. మొన్ననే పని అయింది. నిజం చెప్తా ఉండాను, నీళ్ళల్లో ఆ పొగగొట్టం నీడ చూస్తే ఎవరైనా ఆగి చూడాల్సిందే. నేను గీసింది గీసినట్టు నిలబడింది జీవితంలో అదొక్కటే. ముందర నిలబడి ఫొటో తీయించుకోని, గేటు మీద పేరు బోర్డుతో సహా ఫ్యామిలీ గ్రూపులో పెట్టినాను. కింద ఏమీ రాయలేదు, చూస్తే తెలస్తుంది కదా అని. చూస్తా ఉండంగానే అందరూ వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టినారు. ఇంత మెచ్చుకుంటారని నేను అనుకోలేదు.

అంతలో తిరుత్తణి నుంచి మా మామ ఫోన్ చేసినాడు. పిల్లనిచ్చినప్పటి నుంచి నన్ను ఒక్క మాట పొగిడిన మనిషి కాదు. ఆ రోజు గొంతు తగ్గించి, చానా మర్యాదగా అడిగినాడు.

"ఎవరిది అల్లుడా?"

గర్వంగా చెప్పినాను. "నాదే మామా."