సగటు దాచిన రంధ్రం

మా కెమిస్ట్రీ సారు సోమవారం పొద్దున జహీరాబాద్ దవాఖానలో చనిపోయారు. గుండె ఆగిందని కాగితంలో రాశారు. చచ్చిన ప్రతివాడి గుండే ఆగుతుంది. ఆయన గుండెను ఇనుప రాడ్లతో ఆపారు. ఆ మాట రాయడానికి ఏ పెన్నులోనూ సిరా లేదా?

రిటైరయ్యాక సారు లోహాలు ఎంత వేగంగా తుప్పుపడుతున్నాయో కొలిచేవారు. బీకరులో ద్రవం, అందులో ఉక్కు ముక్క, మూడు తీగలు, ఒక మీటరు. ముక్కను ముంచాక గంటసేపు ముట్టనిచ్చేవారు కాదు, అది కుదురుకోవాలని. కాలేజీలో ఇదే ప్రయోగం చేస్తూ నేనొకసారి తొందరపడి వోల్టేజీ పెంచితే అరిచారు.

"పోలీసోనివా రా నువ్వు? పది మిల్లీవోల్టులు చాలు. జర కదిలియ్యి, అదే చెప్తది. కొట్టి చెప్పిస్తే అబద్ధం చెప్తది."

ఈమధ్య ఊరి బయటి ఒక ఫ్యాక్టరీ తన యాసిడ్ ట్యాంకు పరీక్షను ఆయనకిచ్చింది. మీటరులో తుప్పు వేగం తక్కువే వచ్చింది. సారు అంతటితో ఆగలేదు. మూడు నెలలుగా ట్యాంకులో వేలాడదీసిన అదే రకం ఉక్కు రేకును బయటికి తీశారు. అంతా నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం సూది దిగినట్టు రంధ్రం.

"మీటరు మంచిగనే చూపిచ్చింది గద సారూ, ట్యాంకు మంచిగుందని సంతకం పెట్టున్రి," అన్నాడు మేనేజరు.

"మీటరు సగటు చెప్తదయ్యా. ట్యాంకు సగటుగ పగలదు, ఒక్క కాడ పగుల్తది. కింద మనుషులున్నరు. ముందుగాల వాళ్లను జరిపియ్యి."

సగటు! తలసరి ఆదాయాల గురించి ఊదరగొట్టే ప్రతివాడి మెడలో ఆ రేకు వేలాడదీయాలి.

సారు సంతకం పెట్టలేదు. వారం తిరక్కుండా నలుగురొచ్చి ఆయన్ని ఇంటిముందే కొట్టారు. బీకర్లు పగలగొట్టారు. సంతకం పెట్టే చేతి వేళ్లు ఒక్కొక్కటే విరిచారు. వీధంతా తలుపులు వేసుకుంది. వేసుకున్నవాళ్లలో ఇది చదివేవాళ్లూ ఉన్నారు, నాకు తెలుసు.

దవాఖానలో సారు పగిలిన పెదవితో నవ్వారు. "వోల్టేజీ ఎక్కువిచ్చిన్రు రా. అయినా అబద్ధం చెప్పలే."

ఆ ట్యాంకు కింద ఇప్పటికీ పని నడుస్తోంది.

మంగళవారం ఆయన్ని పూడ్చాం. మొగుడంపల్లి నుంచి ఫ్యాక్టరీకి వచ్చే కూలీలు షిఫ్టుకు పోతూ దారిలో సమాధి దగ్గర ఆగారు. సారు దిండు కింద దాచుకున్న రేకును ఒకామె చేతిలో పెట్టాను.

"గిది మా ట్యాంకుదేనా అన్నా?"

"మీదేనమ్మా. ఎండకు పెట్టి చూడు."

కంటికి ఆనించుకుని చూసింది. పక్కవాడికిచ్చింది. దూరంగా ఫ్యాక్టరీ సైరన్ మోగింది. రేకు చేతులు మారుతూనే ఉంది. ఒక్కొక్క కంటి మీద ఆవగింజంత ఎండ.

ఎవరూ కదల్లేదు. సైరన్ మళ్లీ మోగింది.