హుస్సేన్ వలి పాస్‌పోర్టు

నంద్యాలలో పెద్దవాళ్ళకు అతను పరుపుల వలి. పిల్లలకు గగనసింహం. నలభై ఒక్క ఏళ్ళవాడు, పొట్టి మనిషి, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. తాతా తండ్రీ చేసిన దూదేకుల పనే హుస్సేన్ వలీ చేసేవాడు. ఫోమ్ పరుపులొచ్చి ఆ పని సన్నగిల్లాక పుట్టినరోజులకూ బడి వార్షికోత్సవాలకూ గగనసింహం అనే సాహసవీరుడి వేషం కట్టడం మొదలుపెట్టాడు. బిగుతైన నీలం బట్టల్లో భుజాలకూ ఛాతీకీ దూది కండలు తనే కూర్చి కుట్టుకున్నాడు. ఎండాకాలంలో ఆ వేషం ఇరవై నిమిషాలు దాటితే కళ్ళు తిరిగేవి.

ఆటలో అతనికి జత ఆళ్లగడ్డ ఎజ్రా. వలి కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. జిరాక్స్ షాపులో టైపు కొట్టేవాడు. సముద్రం మధ్య దుర్మార్గుడి కోట, థర్మకోల్ గోడలు, లోపల కట్టేసి ఉన్న స్నేహితుడు ఎజ్రా. స్పీకరులోంచి దుర్మార్గుడు బెదిరిస్తే ఎజ్రా వణుకుతూ గగనసింహాన్ని పిలవాలి: "నాకేం కాలేదు. నన్ను బాగా చూసుకుంటున్నారు. నువ్వొక్కడివే రా." అది వల అని పిల్లలకు తెలుసు. కోయిలకుంట్ల బడిలో ఒకసారి "పోవద్దు, పోవద్దు" అంటూ స్టేజీ ఎక్కి వలి కాళ్ళు పట్టుకున్నారు.

రెండేళ్ళ కిందట ఎజ్రాకు ఈ బతుకు మీద విసుగు పుట్టింది.

"ఎన్నాళ్ళన్నా మూతికి రంగు పూసుకోని తిరిగేది? బ్యాంకాక్‌లో కంప్యూటర్ పనంట. కూచోని టైపు కొట్టడమే."

"పో రా. నీకు చదువుండాది. నా మాదిరి దూది పీల్చుకుంటా ఈడెందుకుండేది?" అన్నాడు వలి. బస్సు కూడా తనే ఎక్కించాడు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నాడో లెక్కలేదు.

బ్యాంకాక్‌లో దిగానని ఎజ్రా ఫోను చేశాడు. మూడో రోజు నుంచి ఉలుకూ పలుకూ లేదు. అతని భార్య సుకన్య ఆళ్లగడ్డలో బట్టలు కుడుతుంది. మిషను ఆపి రోజుకు నాలుగుసార్లు వలికి ఫోను చేసేది. పన్నెండో రోజు వలికి తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. తెల్లచొక్కాలో ఎజ్రా. వెనక ఎవరో నిలబడి ఉన్నారు, భుజం ఒక్కటే కనిపిస్తోంది.

"నాకేం కాలేదు. నన్ను బాగా చూసుకుంటున్నారు. నువ్వొక్కడివే రా" అన్నాడు ఎజ్రా.

ఇంట్లో, బజార్లో ఎజ్రా ఎప్పుడూ అలా మాట్లాడడు. అది ఆటలో మాట, ఆటలో గొంతు.

"ఏం పని రా ఆడ?"

"కంప్యూటర్ పనే అన్నా. ఇంకో మనిషిని పిలిపిస్తే నాకు మంచిది."

ఏమనాలో తోచక వలి, "వస్తా లే. పాస్‌పోర్టు లేదు కదా, తీసుకోని వస్తా" అనేశాడు. ఎజ్రా ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఎజ్రా నుంచి లొకేషన్ వచ్చి నిమిషంలో చెరిగిపోయింది. ఈలోపే వలి దాన్ని ఫొటో తీసుకున్నాడు. సుకన్యను వెంటబెట్టుకుని నంద్యాలలో పోలీసు అధికారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి మ్యాపు పెద్దది చేసి చూపించాడు. బ్యాంకాక్‌కు ఎంతో దూరంగా, వేరే దేశపు సరిహద్దులో నది. నది మధ్య లంక. లంక నిండా బూడిదరంగు కప్పులు, చుట్టూ గోడ.

"ఇట్లాంటివి చాలా ఉన్నాయి. మనుషుల్ని పట్టుకుపోయి, దొంగపేర్లతో ఫోన్లు చేయించి జనాన్ని మోసం చేయిస్తారు. చెయ్యకపోతే కొడతారు. మేం ఢిల్లీకి రాస్తాం. అంతకు మించి మా చేతిలో లేదు."

వలి ఆ లంక మీద వేలు పెట్టాడు. వేలికింద లంక మొత్తం మునిగిపోయింది.

అప్పటి నుంచి ఆదివారం ఆదివారం ఎజ్రా ఫోను. వలి వస్తున్నానంటూనే ఉన్నాడు. ఒక వారం ఆధార్‌లో పేరు తప్పుపడిందన్నాడు. ఒక వారం మోకాలు నొప్పన్నాడు. ఒకరోజు చిన్న మెసేజు వచ్చింది: "నువ్వు వస్తానంటాండావని కొట్టేది ఆపినారు. ఇంకా కొన్నాళ్ళు లాగన్నా." చదివేలోపే అదీ చెరిగిపోయింది. వలి ఫోను పట్టుకుని దూది బస్తా మీద కూర్చున్నాడు. తను చేయగలిగిందల్లా ఈ అబద్ధమే. దీన్నైనా సరిగా చెయ్యాలి.

వస్తున్నాడనడానికి అవతలివాళ్ళు రుజువు అడిగారు. అందుకని వలి నిజంగానే పాస్‌పోర్టుకు పెట్టాడు. అందరికీ నెలలు పడుతుందని విన్నాడు, అదే అతని ధైర్యం. మూడు వారాల్లో పోస్టుమేన్ వచ్చి తలుపు కొట్టాడు. కవరు చేతిలో పెట్టుకుని, "ఇంత తొందరగా ఎందుకు పంపిచ్చినారప్పా" అన్న వలిని ఆయన వింతగా చూసి వెళ్ళాడు.

ఇంకో నెల దాచాడు. నాలుగో నెలలో భుజం మనిషి ఫోను లాక్కుని అరిచాడు. ఎజ్రా మూతి పక్క వాపు చూసి వలి పాస్‌పోర్టు తీసి చూపించాడు. మూడు రోజుల్లో విమానం టికెట్టు ఫోనుకు వచ్చింది.

"పోతావా?" అంది భార్య హుస్సేన్‌బీ.

"పోతే వాన్ని వదుల్తారేమో."

"ఆ దూది కండలు నిజమనుకుంటాండావా ఏందీ?" అని అరిచి, ఆ వెంటనే మొగుడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

సుకన్య మాత్రం ఏడవలేదు. "నువ్వు పోతే ఆయప్ప వస్తాడా అన్నా?" అని అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

ప్రయాణం రోజు పొద్దున వలి సంచి తీసుకుని నంద్యాల బస్టాండుకు వెళ్ళాడు. హైదరాబాద్ బస్సు వచ్చింది. లేచి మెట్టు మీద కాలు పెట్టాడు. వెనకవాళ్ళు తోస్తుంటే పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు బస్సులు పోయాయి. ఎండెక్కే దాకా బెంచీ మీదే కూర్చున్నాడు. నడిచి ఇంటికొచ్చాడు.

ఆ ఆదివారం, "నేను రాలేను రా" అన్నాడు.

వెనక భుజం కదిలింది. ఎజ్రా ఇన్ని నెలల తర్వాత మొదటిసారి తన సొంత గొంతులో మాట్లాడాడు. "సరేలే అన్నా. రావద్దు. సుకన్యకు చెప్పు..." ఏం చెప్పాలో వినిపించలేదు. ఆ నంబరు మళ్ళీ మోగలేదు.

సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తూ వచ్చారు వలీ సుకన్యా. ఎనిమిది నెలలకు అక్కడ చిక్కుకున్నవాళ్ళు కొందరు విమానంలో తిరిగొచ్చారు. ఆ పేర్లలో ఎజ్రా లేడు. చాగలమర్రికి చెందిన హరీష్ ఉన్నాడు. ఆ వారమే వాళ్ళింటికి వెళ్ళారు.

హరీష్ మంచం మీద కూర్చుని, మాట్లాడినంతసేపూ తల ఎత్తలేదు. "ఉండాడు. ఉగాదికి ముందు వరకూ చూసినా. తర్వాత వేరే వాళ్ళకు అమ్మేసినారు. యాడికో తెలీదు." తన కుడి మణికట్టు పట్టుకుని, "కుడిచెయ్యి బాగలేదు అన్నకు" అన్నాడు.

"నేను రాలేనన్న తర్వాతనా?" అని అడిగాడు వలి.

హరీష్ దుప్పటి అంచు మడత పెట్టాడు. లోపల్నుంచి వాళ్ళమ్మ మజ్జిగ తెచ్చింది.

తిరుగు బస్సులో ఇద్దరూ ముందువెనక సీట్లలో కూర్చున్నారు. ఆళ్లగడ్డ దగ్గరపడుతుండగా సుకన్య వెనక్కి తిరిగింది. మొహంలో ఏదో వెలుగు.

"కుడిచెయ్యి లేకుంటే టైపు కొట్టలేడు కదన్నా? పనికి రాడని పంపిచ్చేస్తారేమో?"

హుస్సేన్ వలి నోరు తెరిచాడు. కండక్టరు ఆళ్లగడ్డ ఆళ్లగడ్డ అని కేకేశాడు. ఆమె అర్జీ కాగితాల కవరు గుండెకు పట్టుకుని, జవాబు కోసం ఇంకా అతని వైపే చూస్తూ, మెట్లు దిగింది.